కొత్త కారుకి 28 వేల సెరామిక్ కోటింగా, 600 రూపాయల వ్యాక్స్ డబ్బానా?

కొండాపూర్_నల్లబండి
వచ్చే వారం కారు డెలివరీ. రంగు నలుపు. షోరూమ్ వాళ్లు బిల్లులో ‘పెయింట్ ప్రొటెక్షన్ ప్యాకేజీ’ అని ఒక లైను కలిపేశారు. సెరామిక్ కోటింగ్, 9హెచ్ గట్టిదనం, ఐదేళ్లు గీత పడదు, యూవీ రక్షణ, కడిగే పని దాదాపు ఉండదు అంటున్నారు. ధర 28 వేలు. మా బావేమో అదంతా దండగ, 600 పెట్టి వ్యాక్స్ డబ్బా కొనుక్కో అంటాడు. ‘నేను చేయించా, సూపర్’ అనే జవాబులు వద్దు ప్లీజ్. బాగుందని మీకు ఎలా తెలిసిందో అది చెప్పండి.

ఎల్బీనగర్_అన్న
నేను చేయించా, సూపర్. నవ్వకు తమ్ముడూ, రుజువు కూడా చెబుతా. రెండో ఏడాది నడుస్తోంది. ఇప్పటికీ వాన పడితే నీళ్లు బొట్లు బొట్లుగా కట్టి జారిపోతాయి. పక్కన పార్క్ చేసిన మా తమ్ముడి బండి మీద అదే నీరు పల్చగా పరుచుకుని ఉంటుంది. ఇంకేం కావాలి?

మైక్రాన్_లెక్క
అన్నా, బొట్లు కట్టడం రక్షణకి రుజువు కాదు. పైపొరకి నీరంటే పడదని మాత్రమే అది చెబుతుంది. రెండు మూడు వందల స్ప్రే వ్యాక్స్ కొట్టినా ఆ సాయంత్రం అలాగే బొట్లు కడతాయి. పైగా మన బోరు నీళ్లతో కడిగి ఎండలో వదిలేస్తే ఆ బొట్టు ఉన్నచోటే ఆరి, అందులోని కాల్షియం, మెగ్నీషియం తెల్లటి గుండ్రటి మరకలుగా మిగిలిపోతాయి. నల్ల బండి మీద ఇవి ఎంత బాగా కనబడతాయో చెప్పక్కర్లేదు. కోటింగ్ ఉన్నా వస్తాయి. తుడవడం ఆలస్యమైతే దిగబడతాయి కూడా.

ఇక 9హెచ్ సంగతి. ఇది పెన్సిల్ పరీక్ష. నిజంగా డ్రాయింగ్ పెన్సిలే. మొన చదును చేసి, 45 డిగ్రీల కోణంలో, 750 గ్రాముల బరువుతో పూత మీద నెడతారు. మెత్తటి పెన్సిళ్లు బీ వైపు, గట్టివి హెచ్ వైపు. ఈ పరీక్షలో 9హెచ్ దగ్గర పెన్సిళ్లు అయిపోతాయి. అంటే ‘గట్టి పెన్సిల్‌తో గీసినా గీత పడలేదు’ అని దాని అర్థం, అంతే. పెన్సిల్ మొనలో ఉండేది గ్రాఫైటు, బంకమట్టి. మన రోడ్డు దుమ్ములో ఉండేది ఇసుక, అంటే క్వార్ట్జ్. అమ్మేవాళ్లు చాలామంది ఈ 9ని ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ స్కేలు మీది 9 అన్నట్టు మాట్లాడతారు. ఆ స్కేలు మీద 9 అంటే కెంపు, నీలం రాళ్లు! క్వార్ట్జ్ 7. సీసాలోంచి తీసి రాసిన ద్రవం కెంపు అయిపోదు కదా.

మందం కూడా చూడండి. కారు పెయింటు మీద ఉండే పారదర్శక పొర, అంటే క్లియర్‌కోట్, దాదాపు 40 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). దాని మీద ఆరాక మిగిలే సెరామిక్ పొర ఒకటో రెండో మైక్రాన్లు. పరుపు మీద అప్పడం పరిచి వేలితో నొక్కితే అప్పడం గట్టిదనం దేనికి పనికొస్తుంది?

గీతలే మీ భయమైతే పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) అని పెయింటు మీద అతికించే ఫిల్మ్ ఉంది. అది 150 నుంచి 200 మైక్రాన్ల పాలీయూరిథేన్. చిన్న రాయి తగిలినా కాస్త ఆపుతుంది. ధర మాత్రం వేరే లోకం.

షాపు_నాదే_ఉప్పల్
నేను డిటైలింగ్ షాపు (కార్లకి పాలిష్, కోటింగ్ పని చేసే షాపు) నడుపుతాను, కాబట్టి నా మాటలో స్వార్థం ఉందనుకునే చదవండి. ‘గీత పడదు’ అనేవాడు అబద్ధమే చెబుతున్నాడు. అక్కడి వరకు మైక్రాన్ గారితో ఒప్పుకుంటా. కానీ మొత్తం బూటకం అన్నట్టు రాస్తే ఒప్పుకోను.

పిట్ట రెట్టలో యూరిక్ యాసిడ్ ఉంటుంది. మే నెల ఎండలో బానెట్ కాలిపోతున్నప్పుడు క్లియర్‌కోట్ కొంచెం మెత్తబడుతుంది, రెట్ట అక్కడే తినేస్తుంది. వ్యాక్స్ ఉంటే కాస్త టైము దొరుకుతుంది, మంచి కోటింగ్ ఉంటే ఇంకొంచెం ఎక్కువ. కానుగ చెట్టు కింద పార్క్ చేసేవాళ్లని అడగండి, ఆ జిగురు కోటింగ్ ఉన్న బండి మీద నుంచి ఎంత తేలిగ్గా వస్తుందో. వ్యాక్స్‌లో మంచిదనే కార్నౌబా కూడా ఒక తాటిజాతి చెట్టు ఆకు మీది మైనమే, బ్రెజిల్ నుంచి వస్తుంది. 80 డిగ్రీలు దాటితే కరుగుతుంది. డబ్బాలో దాంతోపాటు నూనెలు, సాల్వెంట్లు కలిపి ఉంటాయి కాబట్టి మన ఎండలకి నెల, రెండు నెలలు నిలిస్తే గొప్ప. సెరామిక్ అలా కరిగిపోదు.

ఇంకో మాట. 28 వేలలో సీసా ఖర్చు చిన్న భాగం. అసలు పని దానికి ముందే ఉంటుంది. కడగడం, క్లే బార్ అనే మట్టిముద్దలాంటి దాంతో అంటుకున్న మురికి లాగడం, స్విర్ల్ మార్కులు (తుడిచినప్పుడు పడే గుండ్రటి సన్నగీతలు) పోయేలా పాలిష్ పట్టడం. కొత్త కారే కదా అనుకోకండి. యార్డులో దుమ్ము పట్టి, డెలివరీ ముందు పొడిగుడ్డతో తుడిచిన బండికి అప్పుడే సన్నగీతలు పడి ఉంటాయి. ఆ పని చేయకుండా గంటలో కోటింగ్ పూసి పంపిస్తే గీతల మీద మూత పెట్టినట్టే. షోరూమ్‌ని ఒకటే అడగండి: కోటింగ్‌కి ముందు ఏం చేస్తారు, ఎన్ని గంటలు పడుతుంది? జవాబు సరిగ్గా రాకపోతే లేచి వచ్చేయండి.

బెజవాడ_పెయింటర్
ఆటోనగర్‌లో పెయింటింగ్ పని మాది. మీ సిలికాన్ పాలిష్‌లు, టైరు షైన్‌లు మా ప్రాణం తీస్తున్నాయి. డెంట్ తీసి రంగు కొడితే చేపకళ్లలాగా గుంటలు లేస్తాయి. బండికి అంటుకున్న ఆ సిలికాన్‌ని పూర్తిగా తుడవడానికి సగం రోజు. డబ్బా మీద ఈ సంగతి ఎవడైనా రాస్తాడా?

వైజాగ్_బీచ్‌రోడ్
మాకు ఇక్కడ ఉప్పుగాలి. 5 వేలకి టెఫ్లాన్ కోటింగ్ వేస్తే తుప్పు పట్టదని ఒకాయన వెంటపడుతున్నాడు. నిజమేనా?

మైక్రాన్_లెక్క
వైజాగ్ గారూ, టెఫ్లాన్ కరిగేదే 327 డిగ్రీల దగ్గర. వంటపాత్రలకి అంతకంటే ఎక్కువ వేడిలో కాల్చి అంటిస్తారు. మీ కారుని ఆ వేడిలో పెడితే పెయింటే మిగలదు. పాలిష్‌లో ఆ పొడి కలిపినంత మాత్రాన పెనం మీది పూతలాగా పట్టుకోదు. తుప్పు ఎక్కువగా మొదలయ్యేది కింద, జాయింట్లలో, పెయింటు లేచిపోయిన చోట. బానెట్ మీద మెరుపు దాన్ని ఆపలేదు. ఆ డబ్బుతో అండర్‌బాడీ కడిగించుకోండి.

యూవీ సంగతి ఒక్క ముక్కలో చెబుతా. ఎండని అడ్డుకునే రసాయనాలు క్లియర్‌కోట్‌లోనే ఫ్యాక్టరీలో కలుపుతారు. ఒక మైక్రాన్ పొర వచ్చి దానికి ఎంత కలుపుతుందో అమ్మేవాణ్ని కొలిచి చూపించమనండి.

కొండాపూర్_నల్లబండి
మరి పాలిష్ కొట్టగానే వచ్చే ఆ మెరుపు? వీడియోల్లో చూస్తుంటే గీతలన్నీ మాయమవుతున్నాయి కదా.

మైక్రాన్_లెక్క
రెండు రకాలుగా మాయమవుతాయి. ఒకటి, పాలిష్‌లోని అల్యూమినియం ఆక్సైడ్ పొడి క్లియర్‌కోట్‌ని సన్నగా అరగదీస్తుంది. గీత అడుగు దాకా చదునైపోతుంది. ఇది నిజమైన పనే, కానీ ఉన్న 40 మైక్రాన్ల నుంచి ఖర్చు పెడుతున్నారు. ప్రతి ఏడూ సర్వీసులో ‘రబ్బింగ్, పాలిషింగ్’ అని కొట్టించేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. రెండోది, నూనెలూ మైనమూ గీతలో నిండి దాచేస్తాయి. నాలుగు వాష్‌ల తర్వాత గీత మళ్లీ వచ్చేస్తుంది. వీడియోలో ఈ రెండిటికీ తేడా కనబడదు.

కనబడేలా చేయొచ్చు. బానెట్ మధ్యలో మాస్కింగ్ టేపు వేసి ఒక సగానికే పూయండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్, డిస్టిల్డ్ వాటర్ సమానంగా కలిపి రెండు పక్కలా తుడిచి, చీకట్లో ఫోన్ టార్చ్ వేసి చూడండి. పూసిన సగంలో గీతలు మళ్లీ తేలితే అది దాచుడు. తేలకపోతే అరగదీత. రోజులు గడిచాక నిలుస్తుందా అని చూడాలంటే అదే బానెట్‌ని మామూలుగా వాడుతూ, రెండు సగాలనీ ఒకే గుడ్డతో, ఒకే నీళ్లతో కడగాలి. పూయని సగం పక్కన లేకుండా ‘బాగుంది’ అంటే దేనికంటే బాగుంది?

ఎల్బీనగర్_అన్న
మీ సైన్సు మీది సార్. నా బండి కడిగే టైము సగానికి తగ్గింది, స్విర్ల్ మార్కులు లేవు. అది మాత్రం నా కళ్లతో చూసిందే.

మైక్రాన్_లెక్క
ఒకటి అడుగుతా అన్నా. కోటింగ్ తర్వాత కూడా మీ వాచ్‌మన్ పొద్దున్నే పొడిగుడ్డతో తుడుస్తున్నాడా?

ఎల్బీనగర్_అన్న
ఛ! 28 వేలు పోసి వాడి చేతికిస్తానా? షాంపూ, మైక్రోఫైబర్ గుడ్డ, రెండు బకెట్లు కొన్నా. నేనే కడుగుతున్నా.

మైక్రాన్_లెక్క
అదీ సంగతి. పొడిగుడ్డ ఆగింది, గీతలూ ఆగాయి. అందులో కోటింగ్ వాటా ఎంతో, మీ రెండు బకెట్ల వాటా ఎంతో ఇప్పుడు ఎవరు విడదీస్తారు?

ఎల్బీనగర్_అన్న
డబ్బు పోసిన భయంతోనే నాకు జాగ్రత్త వచ్చిందనుకోండి, అదీ లాభమే కదా. మా తమ్ముడికి ఆ భయం లేదు, వాడి బండి చూడండి ఎలా ఉందో.

వినియోగదారు_వకీలు
పెయింటు గురించి నాకు తెలియదు కానీ వారంటీ కార్డుల గురించి తెలుసు. కొండాపూర్ గారూ, డబ్బు కట్టకముందే ఆ కార్డు చేతిలోకి తీసుకుని చదవండి. నేను చూసిన ఒకదానిలో గీతలు, నీటి మరకలు, రెట్ట మరకలు వారంటీలోకి రావు. ఆపైన ఆరు నెలలకోసారి వాళ్ల దగ్గరే డబ్బిచ్చి మెయింటెనెన్స్ చేయించాలి, ఒకసారి తప్పినా రద్దు. అవన్నీ తీసేస్తే ఐదేళ్ల హామీ దేనికి?

‘గీత పడదు’ అని సేల్స్ అబ్బాయి నోటితో చెప్పిందాన్ని మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాయించుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకి తయారీదారు మీద 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకి ఉంది, మళ్లీ చేస్తే 50 లక్షలు. ఫిర్యాదుకి హెల్ప్‌లైన్ 1915. చేతిలో కాగితం లేకపోతే మాత్రం ఏ ఫోరంలోనైనా కష్టం.

షాపు_నాదే_ఉప్పల్
మైక్రాన్ గారూ, మీ సగం బానెట్ పరీక్షకి నేను రెడీ. కొండాపూర్ తమ్ముడు బండి తీసుకురానీ, ఒక సగానికి కోటింగ్, ఇంకో సగానికి వాళ్ల బావ చెప్పిన వ్యాక్స్. డబ్బులొద్దు. ఆరు నెలల తర్వాత ఇక్కడే ఫొటోలు పెడదాం.

మైక్రాన్_లెక్క
ముందు రెండు సగాలకీ పాలిష్ ఒకేలా పట్టాలి, లేకపోతే కోటింగ్ సగం అక్కడే గెలిచేస్తుంది. ఏ సగం ఏదో ఆయనకీ, మాకూ చెప్పకూడదు. వ్యాక్స్ కూడా డబ్బా మీద రాసినట్టు టైముకి మళ్లీ పూయాలి. ఒకసారి పూసి ఆరు నెలలు వదిలేస్తే పోటీ కాదు.

షాపు_నాదే_ఉప్పల్
మళ్లీ పూసేటప్పుడు ఏ సగమో ఆయనకి తెలిసిపోతుందిగా?

మైక్రాన్_లెక్క
మీ షాపులోనే పూయండి, ఆయన బయట టీ తాగుతాడు.

కొండాపూర్_నల్లబండి
టీ ఓకే. షోరూమ్‌కి ఫోన్ చేశా. ప్యాకేజీ తీసేయాలంటే ‘సిస్టమ్‌లో పడిపోయింది సార్, డెలివరీ లేటవుతుంది’ అంటున్నారు. కోటింగ్‌కి ముందు ఏం చేస్తారంటే ‘వాష్ చేసి వేస్తాం’ అన్నారు, రెండు గంటల పనట. తీసేయమని ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఉప్పల్ అన్నా, మీ షాపు ఆదివారం ఉంటుందా?

షాపు_నాదే_ఉప్పల్
ఉంటుంది. పొద్దున్నే రా తమ్ముడూ, ఎండ ఎక్కాక బానెట్ ముట్టుకోలేం. వచ్చేలోపు డెలివరీలో వాళ్లని గుడ్డతో తుడవనివ్వకు.