జెడ్ఎఫ్ఎస్‌తో కేవీఎం నడపడానికి నిలకడగా ఉండే లినక్స్ ఏది?

అమీర్‌పేటలోని మా అకౌంటింగ్ ఆఫీసులో ఉన్నది ఒకే సర్వర్: 64 జీబీ ర్యామ్, జెడ్ఎఫ్ఎస్ (డిస్కుల్లో డేటా భద్రపరిచే ఫైల్ సిస్టమ్) మిర్రర్‌లో, అంటే ఒకే డేటా రెండింటిలోనూ ఉండేలా, రెండు డిస్కులు, కేవీఎం (లినక్స్‌లో వర్చువల్ మెషీన్లు నడిపే సదుపాయం) మీద రెండు విండోస్, మూడు లినక్స్ వర్చువల్ మెషీన్లు. హోస్ట్ మీద ఉన్నది రోలింగ్ డిస్ట్రో, అంటే కొత్త వెర్షన్లు ఎప్పటికప్పుడు వచ్చే లినక్స్. కొత్త కెర్నల్ (లినక్స్ మూలభాగం) వచ్చినప్పుడల్లా డీకేఎంఎస్‌లో (మాడ్యూల్‌ను కొత్త కెర్నల్‌కు తగ్గట్టు మళ్లీ బిల్డ్ చేసే సాధనం) జెడ్ఎఫ్ఎస్ మాడ్యూల్ బిల్డ్ విఫలమవుతోంది. రీబూట్ చేశాక పూల్ (జెడ్ఎఫ్ఎస్ కింద ఉన్న డిస్కుల సమూహం) ఇంపోర్ట్ కాదు, ఒక్క మెషీన్ కూడా లేవదు. ఉదయం 9.30కి సిబ్బంది వచ్చేసరికి బిల్లింగ్ బంద్.

గ్రబ్ బూట్ మెనూలో పాత కెర్నల్ ఎంచుకుంటే అంతా మామూలే. కెర్నల్ ప్యాకేజీ అప్‌డేట్ కాకుండా ఆపి చూశాను, మిగతా ప్యాకేజీలకు దానితో పొసగలేదు. ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు ఉన్న) కెర్నల్‌కు మారినా, దాని సిరీస్ మారగానే మళ్లీ అదే తంతు. జెడ్ఎఫ్ఎస్‌ను వదిలేయమని మాత్రం అనకండి, రాత్రి బ్యాకప్ అంతా దాని స్నాప్‌షాట్ల మీదే నడుస్తోంది.

డెబియన్ 13లోనూ డీకేఎంఎస్ దారే, కాకపోతే కెర్నల్ 6.12 సిరీస్ దాటదు. ఆల్మాలినక్స్ 9కు 2032 దాకా భద్రతా అప్‌డేట్లు ఉన్నాయి, కానీ మైనర్ వెర్షన్ మారినప్పుడల్లా జెడ్ఎఫ్ఎస్ కేమాడ్ (ముందే బిల్డ్ చేసిన మాడ్యూల్) కోసం ఎదురుచూడాలేమో. ఉబుంటు 24.04లో మాడ్యూల్ కెర్నల్‌తోపాటే వస్తుంది.

వీటిలో ఏదైనా కేవీఎం, జెడ్ఎఫ్ఎస్‌లతో ఏడాదికి పైగా నడిపినవారు చెప్పండి: కెర్నల్ అప్‌డేట్ తర్వాత పూల్ ఇంపోర్ట్ కాని సమస్య ఎందులో ఎదురుకాలేదు?