అమిగ్డలాను ‘భయ కేంద్రం’ అనొచ్చా?

పల్నాటి కుర్రాడు:
సైకాలజీ చదివే మా చెల్లి నోట్సులో “భయానికి కేంద్రం అమిగ్డలా” అని ఉంది. మెదడులో రెండు పక్కలా బాదంపప్పంత ఉండే భాగం అది. భయపడిన ముఖాల ఫొటోలు చూపిస్తే, మెదడు పనితీరును చూసే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్‌లో అక్కడ ఎర్రగా కనిపిస్తుందట. మరి కొందరు ఎందుకు ఒప్పుకోవడం లేదు?

సుమతి:
ఆ ఎరుపు కంప్యూటర్ వేసిన రంగండీ. న్యూరాన్లు, అంటే మెదడు కణాలు, పనిచేసిన చోటికి ఆక్సిజన్ ఉన్న రక్తం ఎక్కువగా చేరుతుంది. ఎఫ్ఎంఆర్ఐ పట్టుకునేది ఆ మార్పునే, అదీ కొన్ని సెకన్లు ఆలస్యంగా. 2009లో చచ్చిన సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. కాకతాళీయంగా వచ్చే ఫలితాలను ఏరేసేందుకు గణాంకాల్లో చేయాల్సిన సవరణ చేయకపోతే దాని మెదడులోనూ ‘స్పందన’ కనిపించింది, చేస్తే పోయింది. పైగా అమిగ్డలా నవ్వు ముఖాలకూ, కొత్త వస్తువులకూ, ఆకలి మీదున్నప్పుడు తిండి బొమ్మలకూ స్పందిస్తుంది. అప్పుడు దాన్ని ఆకలి కేంద్రం అందామా?

గోదారి గట్టు:
స్కాన్ పక్కన పెట్టండి మేడమ్. ఎస్.ఎం. అని పిలిచే అమెరికా ఆవిడ సంగతేంటి? అరుదైన జబ్బుతో ఆవిడకు రెండు వైపులా అమిగ్డలా దెబ్బతింది. పాములంటే అసహ్యమని చెప్పిన మనిషే, పెంపుడు జంతువుల షాపులో పామును చేతిలోకి తీసుకుని పొలుసులు నిమిరింది, నాలుకను ముట్టుకుంది. పెద్ద పాముల్నీ తాకుతానని మళ్లీ మళ్లీ అడిగింది. ఆ భాగం పోయింది, భయమూ పోయింది. ఇంకేం సాక్ష్యం కావాలి?

సుమతి:
అదే ఆవిడకు 35 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉన్న గాలి పీల్పించారు. ఆ ఫలితం 2013లో వచ్చింది. ఆవిడ బెంబేలెత్తి, మాస్కు తీసేయమని చేతులు ఊపింది. అలాగే దెబ్బతిన్న మరో ఇద్దరూ హడలిపోయారు. అంటే అమిగ్డలా లేకుండానే భయం పుట్టింది కదా! బయటి ప్రమాదాన్ని పసిగట్టడంలో దాని పాత్ర పెద్దదే, కాదనను. కానీ ప్యానిక్ అటాక్‌లతో నలిగిపోయే మనిషికి రంగుల బొమ్మ చూపించి “నీ భయం ఉన్నది ఇక్కడే” అని చెప్పడం అన్యాయం.

గోదారి గట్టు:
అది ఊపిరాడక పుట్టిన భయం, ఒప్పుకున్నా. కానీ ఒకడు గొంతు మీద కత్తి పెట్టినా ఆవిడ భయపడలేదు. పాము, కత్తి, దొంగ విషయంలో మాత్రం నా మాట నిలబడుతుంది. ‘కేంద్రం’ అనను, ‘అది లేకపోతే ఈ రకం భయం ఉండదు’ అంటాను. దీనికి అడ్డొచ్చే కేసు ఉంటే పెట్టండి, చదువుతా.