మొదటిసారే సన్నదారమా, ముందు ఊలు పట్టాలా?

కొత్తచేయి: క్రోషే, అంటే హుక్కుతో అల్లడం, నాకు బొత్తిగా రాదు. గుండ్రటి లేసు గుడ్డ ఒక్కటైనా అల్లాలని ఎన్నాళ్ల నుంచో ఆశ. 10 నంబరు నూలుదారం, 1.5 మి.మీ. స్టీలు హుక్కు తెచ్చుకున్నాను. మూడు రోజులుగా గొలుసు (అల్లికకి మొదట వేసే ఉచ్చుల వరస) వేయడం, మొదటి వరసకే హుక్కు గొలుసులో దూరక వదిలేయడం. అడిగిన ప్రతివాళ్లూ ముందు లావు ఊలుతో నేర్చుకోమంటున్నారు. ఊలుతో అల్లే వస్తువులేవీ నాకు అక్కర్లేదు. నేరుగా దారంతోనే నేర్చుకోకూడదా?

ఊలుండ: వద్దండీ. లేతరంగు ఊలు, 5 మి.మీ. హుక్కు తీసుకోండి. గొలుసును ముందునుంచి చూస్తే జడలా రెండు పోగులు, వెనక్కి తిప్పితే నడిమధ్య చిన్న బొడిపె. అది కంటికి కనబడాలి, అప్పుడే హుక్కు ఎక్కడ గుచ్చాలో తెలుస్తుంది. 10 నంబరులో కొత్తవాళ్లకి అదేం కనబడుతుంది? ఒక నెల ఊలుతో డబుల్ క్రోషే కుట్టు వేయండి, తర్వాత దారం పట్టండి.

సన్నపోగు: నెల రోజులు దేనికి? ఊలు సాగుతుంది, బిగుతులో తప్పును కప్పేస్తుంది. నూలు సాగదు, కప్పదు. ఊలుకి అలవాటుపడ్డ చెయ్యి దారం దగ్గర మళ్లీ మొదటికొస్తుంది. కొత్తచేయి గారూ, మీ గొలుసు బిగుసుకుపోతోంది, అంతే. గొలుసు మటుకు 1.75 మి.మీ. హుక్కుతో వేసి, వరసలకి 1.5 పట్టండి. హుక్కు కొన దగ్గర సన్నటి మెడ ఉంటుంది కదా, ఉచ్చు అక్కడ బిగిస్తే కొన ఇక బయటికి రాదు. ఉచ్చును లావుగా ఉన్న కాడ మీదికి జరిపి అప్పుడు లాగండి. దారాన్ని చిటికెన వేలికి రెండు చుట్లు తిప్పి చూపుడువేలి మీదుగా వదలండి.
ఇంతకీ డబుల్ అంటే ఏ డబుల్? అమెరికా పద్ధతిలో సింగిల్ అనే పొట్టి కుట్టుని బ్రిటన్ పద్ధతిలో డబుల్ అంటారు. కొత్తవాళ్లకి చెప్పేటప్పుడు ఆ ముక్క చెప్పాలా వద్దా?

ఊలుండ: ఇక్కడ అందరూ అమెరికా పేర్లే వాడుతున్నారు.

సన్నపోగు: అందరూ కాదు. నేను నేర్చుకున్నది బ్రిటన్ పేర్లతో.

దారపుకండె: నమూనాలో సింగిల్ అనే మాట కనిపిస్తే అది అమెరికాది. బ్రిటన్ పద్ధతిలో ఆ పేరే లేదు. ఇక అసలు సంగతికి రండి.

రంగులడబ్బా: మధ్యేమార్గం ఉందిగా, 3 నంబరు దారం. నంబరు తగ్గేకొద్దీ దారం లావు. 2 మి.మీ. దాటిన హుక్కు సరిపోతుంది.

ఊలుండ: సన్నపోగు గారూ, సరిగ్గా మీలా చెప్పినవాళ్ల మాట నమ్మే నేను మొదటే దారం పట్టాను. నాలుగో వరసలో కుట్లు లెక్క తప్పాయి. ఎక్కడ తప్పాయో ఎంత వెతికినా కనబడలేదు. హుక్కు అలాగే గుచ్చి సొరుగులో పడేశాను, ఎనిమిదేళ్లు ముట్టుకోలేదు. ఇంకొకరికి ఆ గతి పట్టకూడదనే నా తాపత్రయం.

సన్నపోగు: నా సంగతీ వినండి మరి. నేను ఊలుతోనే మొదలుపెట్టాను. నేర్పినావిడ నేను వారమంతా కూర్చుని అల్లిన ముక్కని పదిమంది ముందు ఒక్క లాగు లాగి విప్పేసింది. "ఊలేగా, మళ్లీ అల్లు" అంది. ఊలు కాబట్టే విప్పింది! దారమైతే అంత తేలిగ్గా లాగగలిగేదా? ఆ రోజు నుంచి ఊలు ఉండని చూస్తే నాకు చెయ్యి ఆడదు.

ఊలుండ: అయితే మీ కోపం ఊలు మీద కాదు, విప్పడం మీద. ఇది ముందే చెప్పి ఉంటే ఇంత రాద్ధాంతం ఉండేది కాదు. కానీ విప్పకపోతే ఎలాగండీ? గుండ్రటి అల్లికలో డబుల్ క్రోషే (అమెరికాదే) 12తో మొదలైతే 24, 36, 48 అని వరసకి 12 పెరగాలి. పెంపులు (ఒకే కుట్టులో రెండు వేయడం) మరిస్తే గిన్నెలా పైకి లేస్తుంది, ఎక్కువైతే అంచు కుచ్చులు పోతుంది. ఆ తప్పు మీద ఇంకో పది వరసలు అల్లుకుంటూ పోతామా?

సన్నపోగు: వరసంతా పోతే విప్పాల్సిందే, కాదనను. ఒక్క కుట్టు తేడాకి అక్కర్లేదు. తర్వాతి వరసలో ఒకటి పెంచో తగ్గించో, చివర గంజి పెట్టి పిన్నులతో లాగి ఆరబెడితే సర్దుకుంటుంది. మొదటి ముక్కని పూర్తికానివ్వాలి, తప్పులతో సహా. విప్పడమే చదువు అనుకునేవాళ్లతో నాకు పేచీ.

దారపుకండె: పదేపదే విప్పితే దారం నలిగి పీచు లేస్తుంది కూడా. సాధన చేసేదైనా మెర్సరైజ్డ్ (కాస్టిక్ సోడా పట్టించి మెరుపు తెచ్చిన) నూలే కొనండి, పీచు తక్కువ. 1844లో జాన్ మెర్సర్ నూలుకి కాస్టిక్ సోడా పట్టించి చూశాడు. 1890లో హోరస్ లో (Lowe) అనే ఆయన నూలుని లాగిపట్టి అదే పని చేస్తే మెరుపొచ్చింది.

ఊలుండ: చూశారా! ఊలైతే ఎన్నిసార్లు విప్పినా మళ్లీ పనికొస్తుందనేగా నేను మొదటినుంచీ మొత్తుకునేది.

కొత్తచేయి: 1.75తో గొలుసు వేశాను, హుక్కు దూరింది! 20 కుట్లతో మొదలుపెడితే ఆరో వరసకి 17 మిగిలాయి. కొన్ని వరసల్లో చివరి కుట్టు వదిలేస్తున్నానని లెక్కపెట్టాకే తెలిసింది. ఇప్పుడు వరస మొదటి కుట్టులో, చివరి కుట్టులో ఎర్రదారం ముక్క కడుతున్నాను. రెండో ముక్క ఎనిమిది వరసలైంది, 20కి 20 ఉన్నాయి. మొదటిది విప్పలేదు.

ఊలుండ: విప్పకండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫొటో పెట్టండి, చూస్తాను.