లాన్‌లో తుంగ, కింద పురుగులు: ఇప్పుడే మందు కొట్టాలా?

ప్రశ్న: చలి తగ్గి లాన్ పచ్చబడుతోందని సంబరపడ్డాను, తీరా చూస్తే గడ్డికంటే తుంగే ఏపుగా ఉంది, పీకిన వారానికే మళ్లీ మొలుస్తోంది. ఒక మూల గడ్డి ఎండి, పట్టుకుని లాగితే చాపలా లేచి వస్తోంది. కలుపు మందూ, పురుగు మందూ రెండూ కలిపి కొట్టేయనా?

జవాబు 1: ఆగండి బాబూ! తుంగ పీకినా కింద గడ్డలు మిగులుతాయి, అదీ సంగతి. వెడల్పాకు కలుపుకి వాడే 2,4-డి దీన్ని చంపదు. హాలోసల్ఫ్యూరాన్ అనే కలుపు మందు పనిచేస్తుంది, కానీ మీ గడ్డి రకానికి సరిపడుతుందో లేదో లేబుల్ చదవండి.

జవాబు 2: చాపలా లేస్తోందంటే గడ్డి వేళ్లు తినే వేరుపురుగు అయ్యుంటుంది. ఒక చదరపు అడుగు తవ్వి లెక్కపెట్టండి. రెండు మూడుంటే వదిలేయండి. వసంతంలో ముదిరిన పురుగు మందుకి సరిగా లొంగదు, వేసవి చివర్లో పిల్లపురుగులప్పుడు కొట్టాలి.

ప్రశ్న అడిగినవారు: తవ్వాను. పన్నెండు! తెల్లగా, ముడుచుకుని, తల మాత్రం గోధుమరంగు. సరే, పురుగుల మందు వేసవి చివర్లో చూస్తా, ముందు తుంగ పని పడతా.