లాక్‌డౌన్ లో క్రియేటివిటీ పెరిగిందంటే నేను ఒప్పుకోను, మీరేమంటారు?

గోదారి_మేళం:
2020 మాట ఎత్తితే చాలు మా ఆఫీసులో అందరూ ఒకటే పాట, మాలో ఉన్న కళ బయటికొచ్చింది అప్పుడే అని, ఒకళ్ళు కీబోర్డు నేర్చుకున్నారు, ఒకళ్ళు బొమ్మలేశారు, ఇంకొకళ్ళు కథలు మొదలెట్టారు. వాళ్ళ సంతోషాన్ని నేను కాదనట్లేదు. కానీ మాది సన్నాయి మేళం వాయించుకుని బతికిన ఇల్లు, ఆ మాట విన్నప్పుడల్లా కడుపు రగిలిపోతుంది. ఆ ఏడు ఉగాది మార్చి 25న వచ్చింది, దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది ఆ రోజే. ఉగాది, శ్రీరామనవమి, ఆ వెనకే వైశాఖం పెళ్ళిళ్ళు, మేళం వాళ్ళకి ఏడాది తిండి వచ్చేది ఆ రెండు మూడు నెలల్లోనే. భద్రాచలంలో రాములోరి కల్యాణమే భక్తుల్లేకుండా చేశారంటే ఇంక మా ఊరి పందిరి సంగతి చెప్పేదేముంది. తీసుకున్న అడ్వాన్సులు తిరిగిచ్చెయ్యమన్నారు, అప్పటికే అవి బియ్యం, అద్దె కింద అయిపోయినయ్యి. తర్వాత 50 మందితో పెళ్ళి చేసుకోవచ్చన్నారు సరే, ఆ 50 లో మేళం వాళ్ళు నలుగురు ఎందుకు, పైగా సన్నాయంటే నోటితో ఊదేది కదా అని భయపడి చాలామంది పెన్ డ్రైవ్ పెట్టి స్పీకర్లో కానిచ్చేశారు. కళ మీద బతికేవాడికి పని పోయిన టైమ్ ని కళకి మంచి టైమ్ అని ఎలా అంటాం చెప్పండి.

మియాపూర్_అక్క:
తమ్ముడూ నీ బాధ సమజైతుంది గని, మేమంతా ఖాళీ ఉండి చేసినం అన్నట్టు మాట్లాడకు. మా ఇంట్ల ఖాళీ ఏడిది, ఆయనకు వర్క్ ఫ్రమ్ హోమ్, పిల్లలకు ఫోన్ల క్లాసులు, పనామె రాదు, మూడు పూటలు పొయ్యి కాడనే నిలబడుడు. మా అమ్మ సిద్దిపేట దిక్కు ఊర్లె ఒక్కతే ఉండె, పోదామంటే పాస్ దొర్కలే. రోజు ఫోన్ల మాట్లాడుకుంట ఆమెకొచ్చిన పాటలు రాసుకునుడు షురూ చేసిన, నాట్లేసేటప్పటియి, బతుకమ్మయి. ఉత్తగ కూసోని పాడమంటే ఒక్క చరణం యాదికి రాకపోయేది. చింతపండు గింజలు కొట్టుకుంట ఫోన్ పక్కన పెట్టుకున్ననాడు మాత్రం దెబ్బ దెబ్బకు ఒక్కో లైను వచ్చేది, సుత్తె సప్పుడే ఆమెకు తాళం. చెయ్యి ఆపితే పాట ఆగిపోయేది, మల్ల మొదటి కెల్లి అందుకునేది. నేను ఇటు కూరగాయలు కోసుకుంట స్పీకర్ల ఇనుడు, రాత్రి అందరు పండినంక రాసుడు. అంతకు ముందు పండుగలకు పోతె వంటలు, చుట్టాలు, గంతే, పాట మాట ఎన్నడు రాలే. గది కళ కాదా మరి? లాక్‌డౌన్ లేకుంటే ఆ నోట్‌బుక్ లేదు, గది కూడ నిజమే కదా.

టెక్సాస్_తెలుగోడు:
గోదారి గారూ, ఇంకో వైపు కూడా చూడండి. మా చుట్టుపక్కల పిల్లలు చాలామంది 2020 లోనే విజయవాడ, హైదరాబాద్ టీచర్ల దగ్గర జూమ్ లో సంగీతం మొదలుపెట్టారు, మా అమ్మాయి కూడా. ఇప్పటికీ నడుస్తోంది. ఆ మేడమ్ గారికి అంతకుముందు వాళ్ళ కాలనీ పిల్లలే స్టూడెంట్లు, ఇప్పుడు మూడు దేశాల నుంచి ఉన్నారు, ఫీజు డాలర్లలో వస్తుంది. కాబట్టి కళ మీద బతికే అందర్నీ ముంచేసింది అనడం కరెక్ట్ కాదని నా ఉద్దేశం.

గోదారి_మేళం:
అన్నయ్యా, గాత్రం చెప్పేవాళ్ళకి అది కుదిరింది, కాదనను. మా బాబాయి కూడా జూమ్ లో డోలు నేర్పుదామని చూశాడు. ఆ యాప్ మనిషి గొంతు ఒక్కటే ఉంచి మిగతా సౌండ్ అంతా గోల అనుకుని కట్ చేసేస్తుంది, డోలు దెబ్బ మొదలు మాత్రం టక్కుమని వినపడి గుంకీ, అంటే దెబ్బ వెనకాల సాగే మోత, మొత్తం పోతుంది, తంబూర శ్రుతి పెట్టినా అంతే. దానికి సెట్టింగ్ మార్చాలని తర్వాత ఎవరో చెప్పారు. మార్చినా గురువు, శిష్యుడు కలిసి వాయించలేరు, ఇక్కడి దెబ్బ అక్కడికి వెళ్ళేసరికి ఆలస్యం. పక్కన కూర్చుని చెయ్యి చూసి నేర్చుకునే విద్యకి అది పనికిరాలేదండి. అక్కా, మీ నోట్‌బుక్ ని నేను ఒక్క మాట అనను, అది జాగ్రత్తగా దాచండి, వీలైతే అమ్మ గొంతు కూడా రికార్డు చెయ్యండి. నేననేది ఒక్కటే, మీ అమ్మగారికి ఆ పాట కూలి కాదు. మా బాబాయికి అదే కూలి.

ధర్మవరం_కుర్రోడు:
అందర్నీ ఒకే గాటన కట్టొద్దండి. మా పక్కన నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే దళవాయి చలపతిరావు గారికి 2020 జనవరిలోనే పద్మశ్రీ ప్రకటించినారు, రెండు నెల్లు తిరిగేతలికి ఎగ్జిబిషన్లు యాడివాడ ఆగిపాయ. ఇప్పుడు ఆట ఆడి బతికేది తక్కువ, మేకతోలు వెలుతురు కనపడేంత పల్చగా గీకి, ఉలితో బెజ్జాలు కొట్టి, రంగులేసి లాంప్ షేడ్లు చేసి పెద్ద ఊర్లలో అమ్ముతారు. ఆ సరుకు ఆర్నెల్లు మూలన పెట్టి మల్లా అమ్ముకోవచ్చు, అప్పు మీద వడ్డీ పెరగతాదనుకోండి. మా ధర్మవరం పట్టుచీరా అంతే, పెళ్ళిళ్ళు లేకపోతే చీర బీరువాలో ఉంటాది, వచ్చే ఏడు పోతాది. మేళానికి ఆ అవకాశమే లేదు, ముహూర్తం దాటిపోతే ఆ రోజు కూలి మల్లా రాదు. గోదారి అన్న చెప్పేదాంట్లో నాకు అర్థమైన తేడా ఇది.

టెక్సాస్_తెలుగోడు:
ఈ తేడా నేను ఒప్పుకుంటాను. కానీ డీజేలు, పెన్ డ్రైవ్ లు కరోనాకి ముందే వచ్చేశాయి కదా, దాన్ని కూడా లాక్‌డౌన్ ఖాతాలో వేయడం ఎంతవరకు సబబు?

గోదారి_మేళం:
ఊరేగింపులకి, రిసెప్షన్లకి వచ్చినయ్యి, నిజమే. కానీ తాళి కట్టే టైమ్ కి గట్టిమేళం మాత్రం మనుషులే వాయించేవాళ్ళు, ఎంత డీజే పెట్టిన ఇంట్లోనైనా. పంతులు గారు చెయ్యెత్తగానే అందుకోవాలి, పెళ్ళికొడుకు మూడో ముడి తడబడితే ఆ ముడి పడేదాకా లాగాలి, తుమ్ము గిమ్ము వినపడకుండా కమ్మెయ్యాలి. పెన్ డ్రైవ్ కి అది తెలీదు, ముడి పడకముందే పాట అయిపోద్ది. 2020 లో గత్యంతరం లేక అది కూడా స్పీకర్లోనే పెట్టారు, పెళ్ళి జరిగిపోయింది కదా అనుకున్నారు. ఆ తర్వాత ముహూర్తాలన్నీ మామూలుగా నడుస్తున్నా కొన్ని ఇళ్ళు మళ్ళీ మేళానికి రాలేదు. మా బాబాయి ఇప్పుడు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గా చేస్తున్నాడు, మేళం పిలుపు వస్తే సెలవు పెట్టి వెళ్తాడు. మీ ఇళ్ళల్లో పెళ్ళి ఉంటే గట్టిమేళానికి నలుగుర్ని పిలవండి, నేను అడిగేది అదే.