పెసల వేర్ల ఫొటోలు: రెండు అద్దాల మధ్య సందు ఎంత పెట్టాలి?

చీపురుపల్లి దగ్గర హైస్కూల్లో 7వ తరగతి పిల్లలచేత మొలకెత్తే పెసలని 6 రోజులపాటు, రోజూ ఉదయం 9:30కి ఫొటో తీయిస్తున్నాం. పక్కన పెట్టిన స్కేలుని బట్టి ఫొటోలోనే వేరు పొడవు కొలవాలి.

మొదట గాజు గ్లాసు వాడాం. లోపల తడి నల్లగుడ్డ, గుడ్డకీ గాజుకీ మధ్య గింజలు. (తెల్ల బ్లాటింగ్ పేపర్ మీద తెల్ల వేరు ఎలాగూ కనపడదు.) ఫోను స్టాండు మీద, 30 సెం.మీ. దూరం, ఐఎస్ఓ (కాంతికి కెమెరా స్పందించే స్థాయి) 100, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) మారకుండా లాక్. షట్టర్ (కాంతి పడే సమయం) 1/60 సెకను పెడితే ట్యూబులైటు కింద చారలు పడ్డాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ (సెకనుకి 50 ఆవృత్తులు) కదా, లైటు మిణుకు దానితో కలిసేలా 1/50కి మార్చగానే పోయాయి.

తంటా అంతా గ్లాసుతోనే. గుండ్రని గాజు ఏ మూలనున్న కిటికీనైనా పట్టేసి వేరు మీద తెల్లగీత వేస్తోంది. నల్ల చార్టుకి కన్నం పెట్టి అందులోంచి తీస్తే ఎదురు ప్రతిబింబం పోయింది, పక్కది పోలేదు. పైగా వంపులో వెనక్కి వెళ్లిన వేరు స్కేలు కన్నా దూరమై, కొలత తక్కువ చూపిస్తోంది.

అందుకే ఫొటో ఫ్రేముల అద్దాలు రెండు, 15×20 సెం.మీ.వి, గుడ్డతో కలిపి క్లిప్పులతో బిగించాం. మధ్యలో 2 మి.మీ. అగ్గిపుల్లలు పెడితే, నానిన గింజ ఉబ్బి నలిగిపోయింది. 6 మి.మీ. స్పాంజి పెడితే గింజలు అడుక్కి జారి, వేర్లు గుడ్డ వెనక్కి పోయాయి.

అగర్ (నాచు నుంచి తీసే జెల్లీ) లేకుండా, గింజ జారకుండా, వేరు ముందు అద్దానికి ఆనుకునే దిగాలంటే సందు ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలి, దేంతో నింపాలి?