కుందేలు గోరు ఊడింది, రక్తం ఆగడం లేదు. తెలిసినవాళ్లు చెప్పండి

నందివర్ధనం, రాత్రి 10.20
మూడు గంటలుగా దీనితోనే సతమతమవుతున్నాను. మా జున్ను గోరు ఊడిపోయింది. గదంతా రక్తపు మరకలు. పట్టుకుంటే వెనక కాళ్లతో తన్ని పారిపోతోంది. ఎక్కడ వెతికినా కుక్కలు, పిల్లుల గోళ్ల గురించే ఉంది, కుందేలు సంగతి ఎవరూ రాయలేదు. ఒక పశువైద్యశాలకు ఫోను చేస్తే ‘కుందేళ్లను చూడము’ అని పెట్టేశారు. చేయగలిగినదంతా చేశాను. ఇక నాకు ఏమీ తోచడం లేదు.

గరికపోచ, 10.26
ఏ కాలు? గోరు మొత్తం ఊడిందా, చివర విరిగిందా? ఇప్పుడు కూడా కారుతోందా? మేత తింటోందా? చేయగలిగినదంతా అంటే ఏమేం చేశారు?

పాతకాపు, 10.41
అమ్మా, ముందు ఆ ఇనుప జాలీ పంజరం తీసేయండి. పదిహేనేళ్లు చెవులపిల్లులను పెంచాను, అనుభవంతో చెబుతున్నాను. కుక్కకు, పిల్లికి ఉన్నట్లు వీటి పాదాలకు మెత్తలు ఉండవు. ఉన్నదల్లా బొచ్చే. జాలీ మీద నిలబడీ నిలబడీ ఆ బొచ్చు అరిగి మడమలు పుండ్లు పడతాయి. గోరు ఆ కన్నంలో ఇరుక్కుంటే, బెదిరి ఒక్క గుంజు గుంజుతుంది, వేరుతో సహా వస్తుంది. అమ్మేవాళ్లు శుభ్రం చేయడం తేలికని జాలీ పంజరాలే అంటగడతారు. అడుగున చెక్క పలకో, మందపాటి గోనెపట్టో వేసి దాని మీద ఎండు గడ్డి పరచాలి. ఈ ఒక్క మాట విన్నా ఎన్నో ప్రాణాలకు బాధ తప్పుతుంది.

నందివర్ధనం, 10.50
మాకు పంజరమే లేదండీ! ఇంట్లోనే తిరుగుతుంది. తివాచీ పోగులో గోరు చిక్కుకుంది. ముందు కుడికాలు, లోపలి వైపు పైకి ఉండే చిన్న గోరు. మొత్తం ఊడి వచ్చింది. రక్తం తగ్గినట్లే తగ్గి, పరుగెత్తగానే మళ్లీ వస్తోంది. పసుపు అద్ది గుడ్డ కట్టాను, కొరికి పీకేసింది. సాయంత్రం కొత్తిమీర తిన్నది, తరువాత ఏదీ ముట్టలేదు.

గరికపోచ, 10.58
పసుపు ఇక వద్దు. పుండులో ముద్దకట్టి మురికిని పట్టి ఉంచుతుంది, అది నాకుతుంది కూడా. డెట్టాల్ వంటివీ పోయకండి. తువ్వాలులో మెడ దాకా చుట్టి, ఆ ఒక్క కాలే బయటికి తీయండి. నడుముకు ఆసరా ఉండాలి, గాలిలో తన్నుకుంటే వెన్నెముక విరుగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టకండి. అప్పుడు కదలకుండా ఉండేది హాయిగా ఉండి కాదు, భయంతో. అర లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చిన్న చెంచా ఉప్పు కలిపి కడగండి. తరువాత శుభ్రమైన పలుచని గుడ్డతో అయిదు నిమిషాలు ఆపకుండా నొక్కండి. ఆగిందో లేదో అని మధ్యలో ఎత్తి చూడకూడదు. గోరు చివర తెగితే కార్న్‌ఫ్లోర్ అద్దవచ్చు. మీకు మొత్తం ఊడింది కనుక నొక్కడమే. కట్టు అవసరం లేదు.

పాతపుస్తకం, 11.05
పాతకాపు గారూ, ‘చెవులపిల్లి’ మన పొలాల్లో తిరిగే అడవి కుందేలు. అది బొరియ తవ్వదు, దాని పిల్లలు బొచ్చుతో, కళ్లు తెరిచే పుడతాయి. ఇళ్లలో పెంచేది ఐరోపా జాతి. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలును పట్టి పెంచకూడదు. మీ మాట చదివి ఎవరైనా పొలంలో దొరికిన పిల్లను ఇంటికి తెచ్చుకుంటే ఎలా?

పాతకాపు, 11.12
మా వైపు రెండింటినీ చెవులపిల్లి అనే అంటారు. మా అమ్మ అన్నది, నేనూ అంటాను. నేను పెంచినవన్నీ తెల్లవే.

నందివర్ధనం, 11.31
నొక్కి పట్టాను, రక్తం ఆగింది! చీము పట్టకుండా మా బాబుకు మిగిలిన అమాక్సిసిల్లిన్ సిరప్ సాయంత్రం అర చెంచా పట్టాను. ఇప్పుడు ఇంకో మోతాదు ఇవ్వనా?

గరికపోచ, 11.33
ఇవ్వకండి. ఒక్క చుక్క కూడా వద్దు. ఈ సంగతి మొదట చెప్పాల్సింది. నోటి ద్వారా ఇచ్చే పెన్సిలిన్ జాతి మందులు కుందేలు పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులను చంపుతాయి. విషం పుట్టించేవి పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. గోరు కంటే ఇదే పెద్ద ప్రమాదం. ఎండు గడ్డి, గరిక, నీళ్లు ముందు పెట్టండి. పెంటికలు పడుతున్నాయా, చిన్నవవుతున్నాయా, విరేచనం అవుతోందా చూడండి. మేత మానేసి పెంటికలు ఆగితే ఆలస్యం చేయకూడదు. పొద్దున్నే కుందేళ్లను చూసే వైద్యుల దగ్గరికి తీసుకువెళ్లండి, సిరప్ సీసా కూడా పట్టుకెళ్లి చూపించండి. ఎవరూ దొరకకపోతే పశువైద్య సహాయం నంబరు 1962కు ఫోను చేసి అడగండి.

పాతపుస్తకం, 11.40
పాతకాపు గారూ, సలహా రాసేటప్పుడు ‘చెవులపిల్లి’ బదులు ‘పెంపుడు కుందేలు’ అని రాస్తే గొడవే ఉండదు కదా.

పాతకాపు, ఉదయం 6.15
గొడవ నేను పెట్టలేదండీ. అమ్మా, మిగిలిన 17 గోళ్లూ చూడండి. ముందు కాళ్లకు అయిదేసి, వెనక కాళ్లకు నాలుగేసి ఉంటాయి. ఆరు వారాలకు ఒకసారైనా చివర్లు తీస్తూ ఉంటే పోగుల్లో చిక్కుకోవు. నల్ల గోరైతే వెనక నుంచి టార్చి వేస్తే లోపలి రక్తనాళం నీడలా కనిపిస్తుంది, దానికి కాస్త ఇవతలే ఆపాలి. పుండు మానేదాకా ఈగలు వాలనివ్వకండి, గుడ్లు పెడతాయి.

నందివర్ధనం, మధ్యాహ్నం 1.10
పొద్దున పక్క ఊరికి తీసుకువెళ్లాము. నొప్పికి మందు ఇచ్చారు, సిరప్ సంగతి విని కోప్పడ్డారు. పెంటికలు కొద్దిగా పడ్డాయి, ఇప్పుడే గరిక నమిలింది. రెండు రోజులు చూడాలన్నారు. తివాచీ తీసేశాను. ధన్యవాదాలండీ.

గరికపోచ, 1.14
రాత్రికి ఎన్ని పెంటికలు పడ్డాయో రాయండి.